క్వార్టర్స్ వదిలినా ఓటు వదలొద్దు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వెళ్లిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిపోయాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి అంగీకరించింది. ఎన్నికలకు మూడు నాలుగు నెలల ముందు తీసుకున్న నిర్ణయమది. ఖరగ్‌పూర్ సదర్ స్థానంలో పోటీ కూడా అలాంటిదే. దశాబ్దాలపాటు గెలుస్తూ వచ్చిన కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను 2016లో బీజేపీకి చెందిన దిలీప్ ఘోష్ ఓడించారు. 2019 ఉప ఎన్నికలో సీటు తృణమూల్ వశమైంది. 2021లో తిరిగి బీజేపీ చేతికొచ్చింది, నాలుగు వేల లోపు మెజారిటీతో.

ఇలాంటి చోట ప్రతి ఓటూ విలువైనదే. అయితే రైల్వే ఉద్యోగికి పదవీ విరమణతోనే చిక్కు మొదలవుతుంది. క్వార్టర్స్ ఖాళీ చేయగానే జాబితాలోని చిరునామా చెల్లకుండా పోతుంది. మరి ఓటు ఎక్కడ? పట్టణంలోని కొత్త ఇంట్లోనా, శ్రీకాకుళంలోని సొంతూళ్లోనా?

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి ఒకచోటే ఓటు, అదీ మామూలుగా నివసించే చోట. సొంతూళ్లో ఇల్లున్నంత మాత్రాన అక్కడ ఓటు రాదు. పండక్కో పెళ్లికో ఊరెళ్లి కొన్నాళ్లుండి వచ్చినంత మాత్రాన ఖరగ్‌పూర్ ఓటు పోదు. నమోదు కోసం తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇల్లు మారినవారు ఫారం 8 నింపాలి. 2022 నుంచి నియోజకవర్గం మారినా ఇదే ఫారం. మొదటిసారి నమోదయ్యే యువతకు ఫారం 6. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో ఒకటో తేదీ నాటికి 18 ఏళ్లు నిండితే అర్హులే. బూత్ స్థాయి అధికారికి గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వవచ్చు. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేరవు.

అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో 2025లో తెలిసొచ్చింది. నవంబర్ 4న రాష్ట్రంలో మొదలైన ప్రత్యేక సవరణలో 2002 నాటి జాబితాతో పేర్లు సరిపోల్చారు. డిసెంబర్ 16న వెలువడిన ముసాయిదాలో 58 లక్షలకు పైగా పేర్లు లేవు. మృతులు, రెండుచోట్ల నమోదైనవారితో పాటు ఇల్లు మారినవారు, చిరునామాలో దొరకనివారు కూడా అందులో ఉన్నారు.

కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేనట్టే. పేరుండి కార్డు లేకపోతే మాత్రం దారుంది. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చూపవచ్చు. ఫొటో ఉన్న పింఛను పత్రమూ చెల్లుతుంది.