‘బాగు’ అన్నా బాధే!

మా వాల్మీకిపురాన్ని మేము నేటికీ వాయల్పాడనే అంటాము. ఆ ఊళ్లోనే నాన్నగారు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఏటేటా ఆయన పనిని గురించి పై అధికారి రహస్య నివేదిక వ్రాసి, సీలువేసి పైకి పంపేవారు. ఒకసారి ప్రమోషను ఆయన్ను దాటి వెనుకవారికి పోయింది. “ఏం వ్రాశారో ఏమో!” అని ఆ రాత్రి అమ్మతో అన్న మాట నాకింకా జ్ఞాపకం. జవాబు తెలియకుండానే ఆయన కాలం చేశారు.

మొన్న వినాయక చవితికి తమ్ముడు వచ్చాడు. వాడు కేంద్ర ప్రభుత్వోద్యోగి. తనకిచ్చిన నివేదిక ప్రతిని చూపించి, “‘బాగు’ అని వ్రాశారక్కా!” అని సంబరపడ్డాడు.

“నీ ప్రమోషనుకు ఏముండాలిరా?” అన్నాను.

‘చాలా బాగు’ ఉండాలట! వాడి ముఖం చిన్నబోయింది.

సరిగ్గా ఈ చిక్కే దేవదత్ అనే ఇంజనీరుకు వచ్చింది. సరిహద్దు రోడ్ల శాఖలో ఆయన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పై పదవికి వరుసగా అయిదేళ్లు ‘చాలా బాగు’ ఉండాలి. 1993–94లో మాత్రం ‘బాగు’ అని పడింది. అప్పటి నిబంధన ప్రకారం చెడ్డ వ్రాతను మాత్రమే ఉద్యోగికి తెలుపుతారు. ‘బాగు’ చెడ్డమాట కాదు గనుక ఆయనకు తెలుపలేదు. ప్రమోషను తప్పిపోయింది.

2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మాటను కాదు, దాని ఫలితాన్ని చూడాలన్నది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్రాతనూ ఉద్యోగికి తెలిపి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. లేకుంటే అది రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధం. సైనికోద్యోగులకు మాత్రం ఇది వర్తించదు. కోర్టు దేవదత్‌కు మార్కులు పెంచలేదు, అడిగే హక్కునిచ్చింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు! 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, సుఖ్‌దేవ్ సింగ్ కేసులో, ఈ మాటనే ఖాయపరచింది.

కేంద్ర ప్రభుత్వం 2009 మే 14న ఉత్తరువు చేసింది. నివేదిక మొత్తం ఉద్యోగికి ఇవ్వాలి. అందిన పదిహేను రోజులలో అభ్యంతరం వ్రాసుకోవచ్చు. ప్రయివేటు ఉద్యోగులకు ఈ తీర్పు నేరుగా అక్కరకు రాదు. వారు నియామకపు కాగితాన్నీ, కంపెనీ నిబంధనలనూ చూసుకోవాలి.

తమ్ముడికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. మొదట కోపంతో రెండు పేజీలు నింపాడు. నేను చింపించాను. ఏ పని ఏ తేదీకి పూర్తిచేశాడో, దానికి ఏ కాగితం సాక్ష్యమో వరుసగా వ్రాయించాను. మర్నాడే ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

ఫలితం ఇంకా తేలలేదు. కాని తనను గురించి ఏం వ్రాశారో వాడికి తెలుసు. నాన్నగారికి ఆ మాత్రమూ దక్కలేదు.