డిస్క్ ‘టక్‌టక్’మంటే.. వెంటనే ఆపేయాలి!

బళ్లారి: తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పెళ్లి ఫొటోలు, తాతగారు టైపు చేయించుకున్న పద్యాలు పాత కంప్యూటర్‌లోనే ఉండిపోతుంటాయి. అది ఓ రోజు నత్తనడక నడుస్తుంది, ఫైలు తెరవమంటే మొరాయిస్తుంది. వైరస్ అనుకుంటాం గానీ, చెడిపోతున్నది హార్డ్‌డిస్క్ కావచ్చు.

టక్‌టక్‌మని చప్పుడొస్తే వెంటనే ఆపేయాలి. మాటిమాటికీ ఆన్ చేస్తే మిగిలిందీ పోతుంది. ఇక నిపుణుల దగ్గరకు తీసుకెళ్లాల్సిందే.

చప్పుడేమీ లేకుంటే మొదట ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. పరీక్షలన్నీ ఆ తర్వాతే. కాపీ కాకముందే ‘చెక్‌డిస్క్’ నడిపితే నీరసించిన డిస్క్‌పై భారం పడుతుంది.

‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ తనకు తాను రాసుకునే ‘స్మార్ట్’ లెక్కలు కనిపిస్తాయి. 05 వరుసలో ఉండేది చెడిపోతే మార్చేసిన భాగాల లెక్క. సీ5లో ఉండేది చదవలేక పక్కనపెట్టిన వాటి లెక్క. ఈ అంకెలు పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీ7 ఒక్కటే పెరిగితే తప్పు కేబుల్‌ది కావచ్చు.

అన్నీ సున్నాలున్నా నిశ్చింత లేదు. 2007లో గూగుల్ వెలువరించిన అధ్యయనంలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా ప్రధాన ‘స్మార్ట్’ హెచ్చరికలేవీ ఇవ్వలేదు.

కొత్త డిస్క్ బజారులో దొరుకుతుంది. తాతగారి పద్యాలు దొరకవు.