కుంట కట్ట భద్రం

చర్ల మండలంలో వాగులు ఎక్కువ. వానాకాలం పొంగుతాయి. ఎండాకాలం ఎండిపోతాయి. అందుకే కొందరు రైతులు తమ భూమిలో పల్లం చూసి, అడ్డంగా మట్టికట్ట వేసుకుంటారు. వాన నీళ్లు అక్కడ నిలుస్తాయి. అదే కుంట. కుంట కింద వరి పండుతుంది. గొడ్లు తాగుతాయి. చేపలు పెరుగుతాయి. దగ్గర బావుల్లో నీళ్లు ఊరతాయి.

కుంట ఒకరిది. కానీ కట్ట తెగితే నష్టం ఒకరిది కాదు. కింద చేలు ఉన్నోళ్లకు, ఇళ్లు ఉన్నోళ్లకు అందరికీ ముప్పే.

నీళ్ల బరువు ఎంత?

ఒక ఎకరం కుంటలో మీటరు లోతు నీళ్లు ఉన్నాయనుకోండి. అవి సుమారు 40 లక్షల లీటర్లు. లీటరు నీళ్ల బరువు ఒక కిలో. అంటే 4 వేల టన్నులు. పది టన్నుల లారీలు 400 నింపినంత బరువు! ఇన్ని నీళ్లను ఆపేది ఆ మట్టికట్టే.

కుంటకు మూడు భాగాలు

కట్ట నీళ్లను ఆపుతుంది. తూము చేనుకు నీళ్లు వదులుతుంది. అలుగు ఎక్కువైన నీళ్లను బయటకు పంపుతుంది.

చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టుకు 25 గేట్లు ఉన్నాయి. వరద వస్తే సిబ్బంది గేట్లు ఎత్తుతారు. సొంత కుంటకు గేట్లు ఉండవు. అలుగే దాని గేటు. అలుగు కట్ట కన్నా కనీసం రెండు మూడు అడుగులు కిందికి ఉండాలి. అప్పుడే నీళ్లు కట్ట ఎక్కవు.

కట్ట ఎందుకు తెగుతుంది?

ఒకటి: నీళ్లు కట్ట మీద నుంచి పొర్లితే. పారే నీళ్లు మట్టిని కోసుకుంటూ పోతాయి. చిన్న గండి కాసేపట్లోనే పెద్దది అవుతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు ఇలాగే తెగింది. పెద్ద వరద వచ్చి నీళ్లు మట్టికట్ట ఎక్కాయి. కట్ట కొట్టుకుపోయింది. కింది ఊళ్లలో ఎందరో చనిపోయారు. మన జిల్లాలోనూ 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడింది. కింద పొలాలు, ఊళ్లు మునిగాయి.

కొందరు చేపలు పోకుండా అలుగుకు వల కడతారు. ఇంకా నీళ్లు నిలవాలని రాళ్లు, మట్టి బస్తాలు పెడతారు. వలకు చెత్త పట్టి దారి మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు కట్ట ఎక్కుతాయి. నాలుగు చేపల కోసం నలుగురి చేలు పోతాయి.

రెండు: బుంగ పడితే. పందికొక్కులు, ఎండ్రకాయలు కట్టలో బొరియలు చేస్తాయి. కట్ట మీద పెద్ద చెట్టు చచ్చిపోతే వేళ్లు కుళ్లి, లోపల సందు ఏర్పడుతుంది. తూము పక్కన మట్టి గట్టిగా దిమ్మిస చేయకపోయినా సందు ఉంటుంది. ఆ సందులో నీళ్లు దారి చేసుకుంటాయి. అందుకే కట్ట మీద గడ్డి మంచిది. చెట్లు మొలిస్తే చిన్నప్పుడే పీకాలి.

మూడు: కట్ట జారితే. గొడ్లు రోజూ ఒకేచోట ఎక్కి దిగితే కట్ట అరిగిపోతుంది. ఎండకు పగుళ్లు వస్తాయి. పగుళ్లలో వాన నీళ్లు దిగితే మట్టి నాని జారుతుంది.

ఏది ప్రమాదం?

కట్ట వెనక కొంచెం చెమ్మ, తేట నీళ్లు ఉండవచ్చు. వాటిని కనిపెట్టి ఉండాలి. నీళ్లు పెరిగినా, బురదగా మారినా ప్రమాదం. ఆ బురద ఎక్కడిది? కట్ట లోపలి మట్టే కరిగి వస్తోంది!

అప్పుడు ముందు కింద ఉన్నోళ్లకు చెప్పాలి. పిల్లల్ని, ముసలోళ్లను, గొడ్లను మెరకకు పంపాలి. పంచాయతీకి చెప్పాలి. 112కు ఫోను చేయాలి. తూము తెరిచి నీళ్లు తగ్గించాలి. బుంగ చిన్నగా ఉన్నప్పుడే దాని మీద ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు పోయాలి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. ఉత్త మట్టితో మూస్తే నీళ్లు పక్క నుంచి వస్తాయి. బుంగ పెద్దదైతే దగ్గరకు పోవద్దు. కట్టను తవ్వి నీళ్లు వదలొద్దు. తవ్విన చోటే గండి అవుతుంది.

ఎవరు చూడాలి?

కట్టను బాగుచేయడం కుంట ఆసామి పని. వానలకు ముందే చేయాలి. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. కానీ కట్టను రోజూ చూసేది ఎవరు? బట్టలు ఉతకను, గొడ్లు కాయను, నాట్లు వేయను పోయే ఆడోళ్లే. బుంగ మొదట కనపడేది వాళ్లకే. చూసింది చూసినట్టు చెప్పాలి. “మన కుంట కాదులే” అనుకోవద్దు.

నేర్చిన చదువు ఇక్కడ పనికొస్తుంది. ఒక నోటుబుక్కులో ఇలా రాయండి:

సోమవారం – నీళ్లు కట్ట అంచుకు 4 అడుగుల కింద ఉన్నాయి. అలుగు బాగుంది.
మంగళవారం – రాత్రి వాన. నీళ్లు 3 అడుగుల కింద. తూము పక్కన చెమ్మ.
బుధవారం – చెమ్మ పెరిగింది. ఆసామికి చెప్పాం.

మాటతో చెబితే మరిచిపోతారు. రాసి చూపిస్తే కాదనలేరు.

చెప్పండి, రాయండి

1. మీ ఊరి కుంటకు అలుగు ఎక్కడ ఉంది? దానికి ఏమైనా అడ్డం ఉందా?
2. తేట నీళ్లకు, బురద నీళ్లకు తేడా ఏమిటి?
3. కట్ట తెగితే మీ ఊళ్లో ముందు ఎవరికి చెప్పాలి? వాళ్ల పేర్లు రాయండి.