తుపాకీ చేతులు మారితే... బేడీలే!

మక్కకంకి గింజ పట్టే వేళకు అడవిపందుల మంద చేలో పడిందంటే, తెల్లారేసరికి పంట నేలమట్టం. అనంతగిరి అడవులున్న వికారాబాద్ జిల్లాలో రైతులకిది తెలిసిన బాధే. అక్కడి నవాబుపేటలో ఓ ఇంట్లో తండ్రి లైసెన్సు మీద కొన్న తుపాకీ ఉందనుకుందాం. ఆయన పోయాక అది గోడకే వేలాడుతోంది. 'నీకెట్లాగూ పనిలేదాయె, నాకియ్యి బావా' అంటాడు పక్కచేను ఆసామి. పాత సామానే కదా అని నాలుగు డబ్బులు పుచ్చుకుని ఇచ్చేస్తే?

కొన్నవాడే కాదు, అమ్మినవాడూ జైలుకెళ్లాల్సిందే!

తండ్రి లైసెన్సు ఆయనతోనే పోతుంది. తుపాకీని వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయాలి. కావాలంటే కొడుకు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేదంటే అర్హత ఉన్నవారికి అమ్మించవచ్చు. లైసెన్సుదారు బతికుండగా తన తుపాకీ అమ్మాలన్నా, కొనేవారి పేరూ చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు ఆగాలి.

'వాడికి లైసెన్సు లేదని నాకేం తెలుసు' అంటే కుదరదు. ఎదుటివారికి అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా ఆయుధం చేతికివ్వడమే 1959నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. దుకాణదారుకైనా ఇదే సూత్రం.

విడి భాగాలైతే ఫర్వాలేదా? అదీ లేదు. గొట్టం, ట్రిగ్గర్ లాంటివీ చట్టం దృష్టిలో తుపాకీ కిందే లెక్క. లైసెన్సు లేకుండా తుపాకీ బాగుచేసిచ్చిన కమ్మరికీ, లేతు మిషన్ యజమానికీ కష్టాలు తప్పవు. 2019లో చట్టాన్ని సవరించాక అక్రమంగా తయారుచేసినా, అమ్మినా, మరమ్మతు చేసినా కనీసం ఏడేళ్ల జైలు. తీవ్రతను బట్టి యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. జరిమానా అదనం.

మన పిల్లలెందరో ఉంటున్న అమెరికాలో కథ వేరు. తుపాకీతో ఎవరో నేరం చేస్తే తయారీదారులపైనా అమ్మకందారులపైనా దావాలు వేయకుండా 2005లో అక్కడ చట్టమే తెచ్చారు. కొన్ని మినహాయింపులున్నాయి. వాటి ఆధారంగానే, 2012లో శాండీహుక్ బడిలో 20 మంది చిన్నారులు సహా 26 మంది బలైన ఘటనలో తొమ్మిది కుటుంబాలు ప్రకటనల తీరును తప్పుపడుతూ రెమింగ్టన్ కంపెనీపై పోరాడాయి. 2022లో 7.3 కోట్ల డాలర్ల పరిహారం సాధించాయి. దానికి ఏళ్లు పట్టింది.

మన చట్టం అంతదాకా ఆగదు. తూటా పేలకముందే, తుపాకీ చేయి మారినప్పుడే లెక్క అడుగుతుంది. అటక మీద తాతలనాటి తుపాకీ ఏదైనా ఉంటే... బేరం కుదుర్చుకునే ముందు ఠాణా గడప తొక్కడమే మేలు!