పి.ఎఫ్. డబ్బు - తొందరపడితే పన్ను

భీమవరం, కాకినాడ వైపు రొయ్యల కంపెనీలు చాలా ఉన్నాయి. రొయ్యలు ఒలిచే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. రాజమండ్రిలో కాగితం మిల్లు ఉంది. ఇలాంటి చోట్ల జీతంలో కొంత పి.ఎఫ్.కి కోస్తారు.

పి.ఎఫ్. అంటే భవిష్య నిధి. పని చేయలేని వయసులో ఆదుకునే డబ్బు అది. ఈ చట్టం 1952లో వచ్చింది. 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. మామూలుగా జీతంలో నూటికి 12 రూపాయలు కోస్తారు. యజమాని కూడా అంతే వేయాలి. యజమాని వేసిన దానిలో కొంత పింఛనుకు వెళుతుంది.

చాలామంది ఒక కంపెనీ మానేశాక ఈ డబ్బు తీసేసుకుంటారు. ఇంకో కంపెనీలో చేరతారు. తీసేసుకున్న డబ్బును మళ్లీ పాత ఖాతాలో కట్టే వీలు ఉండదు. పైగా పన్ను పడవచ్చు.

పన్ను ఎప్పుడు పడుతుంది?

సర్వీసు 5 ఏళ్లు నిండకుండా 50,000 రూపాయలు, ఆపైన తీసుకుంటే పన్ను కోసి ఇస్తారు. పాన్ కార్డు ఉంటే నూటికి 10 రూపాయలు కోస్తారు. లేకపోతే 20 రూపాయలు. అంటే 60,000 రూపాయలు తీసుకుంటే పాన్ ఉన్నవారికి 6,000 పోతుంది. లేనివారికి 12,000 పోతుంది. రోజంతా చల్లటి రొయ్యల్లో చేతులు పెట్టి సంపాదించిన డబ్బు అది!

మరి ఏం చేయాలి?

"మూడేళ్లేగా చేశాను. డబ్బు తీసేసుకుంటానక్కా."

"వద్దు చెల్లీ. కొత్త కంపెనీకి మార్పించుకో. ఈ మూడేళ్లూ, అక్కడ చేసే రెండేళ్లూ కలిసి అయిదవుతాయి. అప్పుడు పన్ను ఉండదు."

అక్క చెప్పింది నిజం. ప్రతి కార్మికురాలికీ 12 అంకెల యు.ఏ.ఎన్. నంబరు ఉంటుంది. కంపెనీ మారినా నంబరు మారదు. కొత్త చోట ఆ నంబరే ఇవ్వాలి. పాత డబ్బును కొత్త ఖాతాకు మార్పించుకోవాలి.

జబ్బు చేసి పని మానినా, కంపెనీ మూతపడి పని పోయినా, 5 ఏళ్లు నిండకపోయినా పన్ను లేదు. అయితే అందుకు కాగితాలు చూపాలి.

ఏడాది ఆదాయం పన్ను పడేంత లేనివారు ఆ సంగతి ముందే ఫారం మీద రాసి ఇవ్వవచ్చు. పాన్ నంబరు కూడా రాయాలి. అప్పుడు పన్ను కోయరు.

ఇప్పటికే కోసేశారా? దిగులు పడకండి. ఆదాయపు పన్ను రిటర్ను వేయండి. కట్టనక్కరలేని పన్ను కోసి ఉంటే, ఆ డబ్బు బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుంది. రిటర్ను గడువు దాటనివ్వకండి.

పి.ఎఫ్. కార్యాలయం రాజమండ్రిలోనే ఉంది. అనుమానం ఉంటే నలుగురూ కలిసి వెళ్లి అడగండి. ఎవరో నింపిన ఫారం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

చర్చించండి: మీ యు.ఏ.ఎన్. నంబరు మీ దగ్గర రాసి ఉందా? మీ సర్వీసు ఎన్నేళ్లు?