విలేకరి స్వాతంత్ర్యము

పుంగనూరు సమీపముననున్న చౌడేపల్లె వంటి ఊరిలో పత్రికకు వార్తలు పంపువానిని జనులు విలేకరి యందురు. పట్టణమునందలి కార్యాలయములో ఆ వార్తలను దిద్దు ఉపసంపాదకునికి నెలజీతము కలదు. ఊరి విలేకరులలో పలువురికి అది లేదు. అచ్చయిన వార్త నిడివిని కొలిచి యిచ్చు స్వల్పమైన సొమ్మే వారి ప్రతిఫలము. పండుగలకును, నాయకుల జన్మదినములకును ప్రకటనలు సేకరించు భారము కూడ తరచుగా వారిపైననే పడును. చెరువుమట్టిని అక్రమముగా త్రవ్వించువాడే ప్రకటనకు డబ్బు చెల్లించు పెద్దమనిషి యైనచో విలేకరి యేమి వ్రాయగలడు? అతనిని ఎవరును బెదరింపనక్కరలేదు. వార్త కలములోనే ఆగిపోవును. ప్రభుత్వము పత్రికను నిషేధించినచో ఆ సంగతియైనను లోకమునకు తెలియును. ఇట్లు ఆగిన వార్త జాడ యెవరికిని తెలియదు.

పాత్రికేయుల వేతనమును, పనివేళలను నిర్ణయించుటకు 1955లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. కాని అది పత్రికారచనయే ప్రధానవృత్తిగా గలవారికి మాత్రమే ఉద్దేశింపబడినది. సేద్యము చేసికొనుచునో, చిన్న అంగడి నడుపుకొనుచునో వార్తలు వ్రాయువాడు దాని వెలుపలనే మిగిలెను. జీతము లేనందున అతడు వేరొక పని చేయును. వేరొక పని చేయుటచే ఆ చట్టము వర్తింపకపోయెడిది. విచిత్రమైన చిక్కు!

లేమికి లొంగని వానిపై హింస ప్రయోగింపబడును. అందుకు హైదరాబాదు సంస్థానమునందలి షోయబుల్లాఖాన్ చరిత్ర తార్కాణము. 1920లో జన్మించిన ఆయన ఉస్మానియా పట్టభద్రుడు. ఉద్యోగములకు ఆశపడక ‘తేజ్’ అను ఉర్దూ పత్రికలో చేరెను. నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. మందుముల నరసింగరావు నడపిన ‘రయ్యత్’లో చేరెను, దానికిని అదే గతి పట్టెను. అంతట మిత్రుల సాయముతో 1947 నవంబరులో తానే ‘ఇమ్రోజ్’ను స్థాపించెను. ఆ మాటకు ‘నేడు’ అని యర్థము. సంస్థానము భారతదేశమున చేరవలెనని, రజాకార్ల దౌర్జన్యములు ఆగవలెనని నిర్భయముగా వ్రాసెను. ముస్లిము సంపాదకుడే యిట్లు వ్రాయుట రజాకార్లకు మరింత కంటగింపయ్యెను. బెదరింపులు వచ్చినను ఆయన కలము ఆగలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి పొద్దుపోయిన పిదప ఆయన కార్యాలయమునుండి ఇంటికి నడచిపోవుచుండెను. దుండగులు తుపాకితో కాల్చి, చేతిని నరికిరి. వెంటనున్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కూడ గాయపడెను. తెల్లవారునప్పటికి షోయబుల్లాఖాన్ ప్రాణములు విడిచెను. అప్పటికాయన వయస్సు 27 సంవత్సరములు. చంపుటకు తుపాకి చాలును; చేయి నరకుట చూచి భయపడవలసినవారు తక్కిన పాత్రికేయులు.

ఆ తరువాత 26 దినములకు, సెప్టెంబరు 17న, నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను.