వలస వెళ్తే చదువు ఆగిపోవాల్సిందేనా? టీసీ లేకపోయినా స్కూల్లో చేర్చుకోవాల్సిందే.. చట్టం ఏం చెబుతోందంటే?

పనులు దొరకని రోజులు వస్తే చాలు.. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు, తెలంగాణ జిల్లాలకు బయల్దేరతాయి. అమ్మానాన్నల వెంట పిల్లలూ వెళ్తారు. అక్కడికి వెళ్లాక కొత్త ఊరి స్కూల్లో అడిగే మొదటి ప్రశ్న.. టీసీ ఉందా? లేదంటే చాలామంది తల్లిదండ్రులు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. కానీ అలా తిరిగి రావాల్సిన అవసరమే లేదు.

టీసీ లేదా? అయినా అడ్మిషన్ ఇవ్వాల్సిందే

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. ఈ చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో చేరే పిల్లలకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదు. పాత స్కూల్ హెడ్మాస్టర్ అడగ్గానే టీసీ ఇవ్వాలి. కావాలని ఆలస్యం చేస్తే శాఖాపరమైన చర్యలు తప్పవు.

బర్త్ సర్టిఫికెట్ లేదన్నా చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఇది 14వ సెక్షన్. ఏడాది మధ్యలో వచ్చారు, గడువు అయిపోయింది అని చెప్పడమూ కుదరదు. ఇది 15వ సెక్షన్. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

12 ఏళ్ల పిల్లాడిని ఒకటో క్లాసులో కూర్చోబెట్టాలా?

అక్కర్లేదు. అసలు బడికే వెళ్లని పిల్లలను, మధ్యలో మానేసిన పిల్లలను వాళ్ల వయసుకు తగ్గ క్లాసులోనే చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాల కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఈ శిక్షణ కనీసం 3 నెలలు, అవసరమైతే 2 ఏళ్ల దాకా ఉండొచ్చు. ఇలా చేరిన పిల్లలకు 14 ఏళ్లు దాటినా సరే, ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచితంగానే చదువు చెప్పాలి.

ఇది చిన్న విషయం కాదు. తనకంటే చిన్న పిల్లల మధ్య కూర్చోవాల్సి వస్తే సిగ్గుతోనే చాలామంది బడి మానేస్తారు.

పిల్లలు ఊళ్లోనే ఉండిపోతే?

అమ్మానాన్నలు వలస వెళ్లినా పిల్లలు సొంత ఊరి బడిలోనే చదువుకునేలా సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. ఆడపిల్లలకైతే 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. వీటిలో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగతా 25 శాతం పేద కుటుంబాల పిల్లలకు కేటాయిస్తారు.

భాష కూడా అడ్డే

తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల పిల్లలది ఇంకో కష్టం. అడ్మిషన్ దొరికినా తెలుగు పాఠం ఒక్క ముక్క అర్థం కాదు. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని చట్టం చెబుతోంది. అందుకే పని చేసే చోటే, ఒడియా వచ్చిన వాళ్లతో పాఠాలు చెప్పించడం ఇలాంటి పిల్లలకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

చేర్చుకోమంటే ఏం చేయాలి?

ముందుగా మండల విద్యాశాఖ అధికారి దృష్టికి తీసుకెళ్లాలి. స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 3 నెలల్లోపు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీల్ చేసుకోవచ్చు. పిల్లలు బడి మానేసి పనిలో కనిపిస్తే 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు.

ఊరు వదిలే ముందు పిల్లల ఆధార్ కాపీ, పాత ప్రోగ్రెస్ కార్డు వెంట పెట్టుకుంటే పని సులువవుతుంది. అవి లేకపోయినా సరే.. బడి గుమ్మం దాకా వెళ్లి అడగడం మాత్రం మానొద్దు.